అయోడిన్ పోతే ప్లాటినమూ పోవాలి: డై సోలార్ సెల్‌లో ఎలక్ట్రోడ్, ఎలక్ట్రోలైట్ జోడీ

సిలికాన్ ప్యానెల్‌లో వెలుతురును పీల్చుకునేదీ, కరెంటును మోసేదీ ఒకే పదార్థం. డై సెన్సిటైజ్డ్ సోలార్ సెల్‌లో అలా కాదు, ఒక్కో పని ఒక్కో పదార్థానిది. వెలుతురు పీల్చేది రంగు అణువు. అది విడిచిన ఎలక్ట్రాన్‌ను అందుకుని బయటి తీగ దాకా చేర్చేది టైటానియం డయాక్సైడ్ (టైటానియా) పొర. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న రంగుకు మళ్లీ ఎలక్ట్రాన్ ఇచ్చేది ఎలక్ట్రోలైట్. తీగ వెంట తిరిగి వచ్చిన ఎలక్ట్రాన్‌ను ఎలక్ట్రోలైట్‌కు అప్పగించేది అవతలి గాజు మీది కౌంటర్ ఎలక్ట్రోడ్. 1991లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో బ్రయన్ ఓరీగన్, మైకేల్ గ్రెట్జెల్ ఈ అమరికతో 7 శాతం దాటిన సామర్థ్యం చూపించారు. 1993లో ఎన్3 అనే రుథేనియం రంగుతో అది 10 శాతానికి చేరింది. ఆ పత్రంలో మొదటి పేరు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఖాజా నజీరుద్దీన్‌ది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎంత మెరుగు దిద్దినా లెక్క 11 శాతం దగ్గరే తచ్చాడింది.

ఆ ఆగుదలలో పెద్ద పాత్ర అయోడైడ్ ఎలక్ట్రోలైట్‌ది. దాన్ని మార్చబోతే తెలిసిన సంగతి మరొకటి: ఎలక్ట్రోలైట్‌ను ఒక్కదాన్నే మార్చడం కుదరదు. రంగు మార్చాలి, టైటానియా పొర మందం మార్చాలి, కౌంటర్ ఎలక్ట్రోడ్ మార్చాలి. ఇప్పటికీ చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో అయోడైడ్‌నూ, ఎన్3 కుటుంబానికే చెందిన ఎన్719 అనే రుథేనియం రంగునూ అలాగే ఉంచి, ప్లాటినం స్థానంలో ఏదో ఒక కార్బన్ పూసి, "ప్లాటినానికి దీటుగా పనిచేసింది" అని ముగిస్తారు. తప్పు కాదు కానీ, దానివల్ల సెల్ ముందుకు జరగదు.

వోల్టేజీ ఎక్కడ పోతోంది

హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి చూస్తే టైటానియా ఎలక్ట్రాన్లు ఉండే మట్టం సుమారు మైనస్ 0.5 వోల్టు. అయోడైడ్, ట్రైఅయోడైడ్ జంట మట్టం ప్లస్ 0.35. ఈ రెంటి మధ్య తేడాయే సెల్ ఇవ్వగలిగిన గరిష్ఠ వోల్టేజీ, అంటే 0.85. చేతికి వచ్చేది 0.7 నుంచి 0.75 మాత్రమే. ఎన్719 రంగు మట్టం సుమారు 1.1 వోల్టు దగ్గర ఉంటుంది. అంటే రంగుకు ఒక ఎలక్ట్రాన్ తిరిగి ఇవ్వడానికే 0.75 వోల్టు ఖర్చవుతోంది. సెల్ బయటికిచ్చేంత వోల్టేజీ లోపలే వేడిగా పోతోందన్నమాట.

ఈ దుబారాకు కారణం అయోడైడ్ రసాయనంలోనే ఉంది. ట్రైఅయోడైడ్ తయారు కావాలంటే రెండు ఎలక్ట్రాన్లు చేతులు మారాలి, రంగు మాత్రం ఒక్కో ఎలక్ట్రాన్‌నే అడుగుతుంది. కాబట్టి మధ్యలో డైఅయోడైడ్ రాడికల్ పుడుతుంది, అలాంటివి రెండు కలిసి ఒక ట్రైఅయోడైడ్, ఒక అయోడైడ్‌గా విడిపోతాయి. ఆ రెండో మెట్టులో పోయిన శక్తిని ఏ రంగుతోనూ వెనక్కి తెచ్చుకోలేం.

కోబాల్ట్ బైపిరిడిన్ జంటలో ఎలక్ట్రాన్ మార్పిడి ఒక్క మెట్టులో అయిపోతుంది. దాని మట్టం 0.56 వోల్టు. రాగి టెట్రామెథిల్ బైపిరిడిన్ జంటది 0.87. రాగి జంట ఉన్న సెల్‌లో రంగుకు ఎలక్ట్రాన్ అందడానికి 0.1 నుంచి 0.2 వోల్టు తేడా చాలు, అందుకే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 1 వోల్టు దాటుతుంది. రాగికి ఇంత చురుకు ఎలా వచ్చిందన్నదీ చూడదగ్గదే. ఒక ధనావేశం ఉన్న రాగి చుట్టూ లైగాండ్లు (లోహాన్ని పట్టుకుని ఉండే అణువులు) చతుర్ముఖంగా అమరాలని చూస్తాయి, రెండు ఆవేశాలున్న రాగి చుట్టూ బల్లపరుపుగా పరుచుకోవాలని చూస్తాయి. ఎలక్ట్రాన్ మారినప్పుడల్లా అణువు ఇలా ఒళ్లు విరుచుకుంటే మార్పిడి నెమ్మదిస్తుంది. లోహానికి దగ్గరగా ఉన్న మెథిల్ గుంపులు ఆ పరుచుకోవడానికి అడ్డుపడతాయి. రెండు రూపాలూ దాదాపు ఒకే ఆకారంలో ఉండిపోతాయి కాబట్టి మార్పిడి వేగంగా జరుగుతుంది.

మరి అయోడైడ్‌ను ఇరవై ఏళ్లు ఎందుకు పట్టుకు వేలాడారు? దానికో అరుదైన సుగుణం ఉంది. టైటానియాలోకి వెళ్లిన ఎలక్ట్రాన్ వెనక్కి దూకి ట్రైఅయోడైడ్‌తో కలవడం చాలా నెమ్మది. అందుకే పొర 12 మైక్రాన్ల మందం ఉన్నా, వాహక గాజు అక్కడక్కడా బయటపడ్డా సెల్ నడిచిపోతుంది. ఒక్క మెట్టులో ఎలక్ట్రాన్ ఇచ్చే జంట అంతే తేలిగ్గా ఎలక్ట్రాన్‌ను వెనక్కి లాక్కుంటుంది కూడా. ఎన్719 పూసిన మందపాటి పొరలో కోబాల్ట్ ద్రావణం పోస్తే సామర్థ్యం పెరగదు సరికదా, ఘోరంగా పడిపోతుంది.

దీనికి విరుగుడు రంగులోనే దొరికింది. 2010లో స్వీడన్‌లోని ఉప్సలా బృందం డి35 అనే సేంద్రియ రంగుతో కోబాల్ట్ సెల్‌ను 6.7 శాతానికి తెచ్చింది. ఆ రంగుకు ఉన్న బ్యూటాక్సీ తోకలు టైటానియా మీద గొడుగులా పరుచుకుని కోబాల్ట్‌ను దగ్గరికి రానివ్వవు. 2011లో ఆక్టైలాక్సీ తోకలున్న పార్ఫిరిన్ రంగుతో లొసాన్ బృందం 12.3 శాతం సాధించింది, 2014లో మరో పార్ఫిరిన్‌తో అది 13 అయింది. జపాన్‌లో 2015లో రెండు సేంద్రియ రంగులు కలిపి, కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా బంగారం మీద గ్రాఫీన్ పలుకులు పరిచి 14 శాతం దాటారు. 2022 చివర్లో వెలువడ్డ లొసాన్ ఫలితం 15.2 శాతం. అక్కడ రంగులు ఎక్కించడానికి ముందే టైటానియా మీద హైడ్రాక్సామిక్ ఆమ్లం ఆధారిత అణువుల పలుచని పొర వేశారు. దాంతో రంగు అణువులు ఒకదానిమీదొకటి గుంపుకట్టకుండా సర్దుకుని నిలబడ్డాయి.

టైటానియా పొర: కొలతలు, తప్పులు

అయోడైడ్ సెల్‌కు స్థిరపడిన పద్ధతి ఇది. ఎఫ్‌టీఓ (ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్) పూసిన వాహక గాజును సబ్బునీటిలో, నీటిలో, ఆల్కహాల్‌లో అల్ట్రాసోనిక్ స్నానంతో కడగాలి. 40 మిల్లీమోలార్ టైటానియం టెట్రాక్లోరైడ్ నీటి ద్రావణంలో 70 డిగ్రీల వద్ద అరగంట ఉంచాలి. గాజు నుంచి ఎలక్ట్రాన్లు ఎలక్ట్రోలైట్‌లోకి కారకుండా ఆపే అడ్డుపొర ఇదే. టెట్రాక్లోరైడ్‌ను గది వేడిలో నీటిలో పోస్తే పొగలు కక్కుతుంది, అందుకే మంచులో చల్లబరిచిన నీటిలోకి ఫ్యూమ్ హుడ్ కింద చుక్కలుగా వదలాలి. ఆ తర్వాత 20 నానోమీటర్ల కణాల పేస్టును స్క్రీన్ ప్రింటింగ్‌తో పలుమార్లు అద్ది 10 నుంచి 12 మైక్రాన్లు చేయాలి. ఒక్కో అద్దకం తర్వాత గీతలు సర్దుకునేదాకా కొన్ని నిమిషాలు ఆగి, 125 డిగ్రీల దగ్గర ఆరు నిమిషాలు ఆరబెట్టాలి. పైన 400 నానోమీటర్ల పెద్ద కణాలతో 4 మైక్రాన్ల పొర వేస్తే, లోపల చిక్కకుండా పోయే ఎర్ర వెలుతురును అది వెనక్కి చెదరగొడుతుంది. కాల్పు మెట్లుమెట్లుగా సాగాలి: 325 డిగ్రీల వద్ద 5 నిమిషాలు, 375 వద్ద 5, 450 వద్ద 15, 500 వద్ద 15. ఆపైన మరోసారి టెట్రాక్లోరైడ్ స్నానం, మరోసారి 500 డిగ్రీల వద్ద అరగంట.

పొర పగిలిందంటే సాధారణంగా ఒకే దెబ్బలో మందంగా పూసి ఉంటారు, లేదా పేస్టులోని ఇథైల్ సెల్యులోజ్ కాలి పోకముందే వేడి పెంచేసి ఉంటారు. గాజు విషయంలో మరో పొరపాటు ఎఫ్‌టీఓకు బదులు ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్) వాడటం. 300 డిగ్రీలు దాటాక గాలిలో ఐటీఓ నిరోధం పెరిగిపోతుంది, 500 డిగ్రీల కొలిమి నుంచి బయటికి వచ్చేసరికి ఆ గాజు పనికిరాదు.

రంగులో ముంచే ఘట్టంలో తేమ పెద్ద శత్రువు. కొలిమి నుంచి తీసిన గాజు 80 డిగ్రీలకు దిగగానే, ఇంకా వెచ్చగా ఉండగానే, ముంచేయాలి. చల్లారేదాకా బల్ల మీద వదిలితే రంగు అంటుకోవాల్సిన చోట్లలో నీరు కూర్చుంటుంది. విశాఖ, విజయవాడలాంటి ఊళ్లలో వానాకాలం చేసిన సెల్లు వేసవివాటితో సరిపోలకపోతే ముందు అనుమానించాల్సింది ఈ నాలుగైదు నిమిషాలనే. ఎన్719 అయితే అసిటోనైట్రైల్, టెర్షియరీ బ్యూటనాల్ సమపాళ్ల మిశ్రమంలో 0.3 నుంచి 0.5 మిల్లీమోలార్ గాఢతతో దాదాపు ఒక రోజు నానబెట్టాలి. సేంద్రియ రంగులు, పార్ఫిరిన్లు గుంపుకట్టే రకాలు కాబట్టి వాటిని విడివిడిగా ఉంచడానికి కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం కలుపుతారు. మందార రేకుల రసంతో చేసే సెల్లు కాలేజీ ప్రదర్శనల్లో బాగానే ఉంటాయి, కానీ అలాంటి సహజ రంగులతో మామూలుగా వచ్చేది 1 శాతం అటూ ఇటూ. ఎలక్ట్రోడ్ పదార్థాలను పోల్చడానికి ఆ రంగును వాడితే మిగతా తేడాలన్నీ దాని బలహీనత కింద కప్పబడిపోతాయి.

కోబాల్ట్‌కో రాగికో మారితే ఈ కొలతలన్నీ తిరగరాయాలి. పొర 5 నుంచి 6 మైక్రాన్లకు దించాలి, కణం సైజు 30 నానోమీటర్లకు పెంచాలి. లోహ కాంప్లెక్స్ అణువులు అయోడైడ్ కంటే చాలా పెద్దవి, ఇరుకు రంధ్రాల్లో వాటి నడక మందగిస్తుంది. పలుచని పొరలో అదే వెలుతురు పట్టాలంటే రంగు చిక్కగా పీల్చేది కావాలి. ఎన్719 మోలార్ శోషణ 14,000 దగ్గర ఉంటుంది, మంచి సేంద్రియ రంగులది దానికి మూడు నాలుగు రెట్లు. రుథేనియం నుంచి సేంద్రియ రంగుల వైపు మళ్లడానికి ఖర్చు కంటే ఇదే గట్టి కారణం.

టైటానియా బదులు జింక్ ఆక్సైడ్ వాడొచ్చు కదా, ఎలక్ట్రాన్లు అందులో ఎన్నో రెట్లు వేగంగా పోతాయి కదా అనే వాదన తరచూ వినిపిస్తుంది. నిజమే, కానీ జింక్ ఆక్సైడ్ ఆమ్లాన్ని తట్టుకోలేదు. రంగులోని కార్బాక్సిలిక్ గుంపులు దాని ఉపరితలాన్ని కరిగిస్తాయి, విడివడ్డ జింక్ అయాన్లు రంగుతో కలిసి రంధ్రాల్లో మడ్డిగా పేరుకుంటాయి. నానబెట్టే సమయం గంటల్లోకి తగ్గిస్తే నష్టం తగ్గుతుంది కానీ పోదు. టిన్ ఆక్సైడ్‌కు ఆ గండం లేదు. దాని వాహక మట్టం కిందుగా ఉండటంతో వోల్టేజీ మాత్రం పడిపోతుంది, మెగ్నీషియం ఆక్సైడ్ తొడుగు వేస్తే కొంత తేరుకుంటుంది.

కౌంటర్ ఎలక్ట్రోడ్: అసలు వాదన ధర కాదు

ప్లాటినం ఖరీదైనది కాబట్టి కార్బన్ వాడాలన్నది పాఠం అప్పజెప్పినట్టు అందరూ రాసే వాక్యం. లెక్క చూస్తే అది అంత బలంగా నిలబడదు. క్లోరోప్లాటినిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌లో కలిపి గాజు మీద చుక్క పరిచి 400 డిగ్రీల వద్ద పావుగంట కాలిస్తే, చదరపు సెంటీమీటరుకు 5 మైక్రోగ్రాముల లోహం సరిపోతుంది. అంటే చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. అదే చదరపు మీటరు సెల్‌కు వాహక గాజే రెండు పలకలు కావాలి.

ప్లాటినాన్ని తీసేయడానికి మంచి కారణం జోడీ కుదరకపోవడం. అయోడైడ్ దగ్గర ప్లాటినం అద్భుతం, ఒక చదరపు సెంటీమీటరు ఎలక్ట్రోడ్‌కు మార్పిడి నిరోధం 1 ఓమ్ చుట్టుపక్కల ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 15 మిల్లీ ఆంపియర్ల కరెంటు దగ్గర అది తినేది 15 మిల్లీవోల్టులే. అదే ప్లాటినం కోబాల్ట్‌తో సాదాసీదాగా, రాగితో ఇంకా నీరసంగా పనిచేస్తుంది. కోబాల్ట్‌కు గ్రాఫీన్ పలుకులు, రాగికి పీడాట్ అనే వాహక పాలిమర్ బాగా నప్పుతాయి. పీడాట్ పూయడానికి కొలిమితో పనిలేదు: నీటిలో 0.1 మోలార్ సోడియం డోడెసిల్ సల్ఫేట్, పీడాట్‌కు ముడి అణువైన ఈడాట్ 10 మిల్లీమోలార్ కలిపి, ఎఫ్‌టీఓను ఆనోడుగా పెట్టి కొద్దిపాటి కరెంటు పంపితే లేతనీలం పొర పేరుకుంటుంది. ఈడాట్ నీటిలో అంత తేలిగ్గా కరగదు, సబ్బు అణువుల గుంపుల్లోకి చేరాకే కరుగుతుంది. అందుకే ద్రావణం తేటపడేదాకా కలపాలి. మొదలుపెట్టాక కరెంటు పెంచి తొందరపడితే పొర మచ్చలుగా, ఊడిపోయేలా వస్తుంది.

కార్బన్‌కు ఉన్న తిప్పలు రెండు. ఉపరితలం చాలాలంటే పూత ప్లాటినంలా నానోమీటర్లలో కాక మైక్రాన్లలో ఉండాలి, అప్పుడు వెలుతురు ఆ వైపు నుంచి రాదు. రెండోది, పట్టు తక్కువైన రేణువులు రాలి ఎదుటి టైటానియా మీద పడి షార్ట్ అవుతాయి. రెండు గాజుల మధ్య ఎడం ఉంచే గ్యాస్కెట్ 25 మైక్రాన్లున్న సెల్‌లో 15 మైక్రాన్ల కార్బన్ పూస్తే ఖాళీ ఎంత మిగులుతుందో ముందే చూసుకోవాలి.

ద్రావణంలో నడక

అయోడైడ్‌కు బాగా నడిచిన మిశ్రమం: 0.6 మోలార్ బ్యూటైల్ మెథిల్ ఇమిడజోలియం అయోడైడ్, 0.03 మోలార్ అయోడిన్, 0.1 మోలార్ గ్వానిడీనియం థయోసయనేట్, 0.5 మోలార్ టెర్షియరీ బ్యూటైల్ పిరిడిన్. ద్రావకం అసిటోనైట్రైల్ 85 పాళ్లు, వాలెరోనైట్రైల్ 15. రాగికైతే ఒక ఆవేశం ఉన్న కాంప్లెక్స్ 0.2 మోలార్, రెండు ఆవేశాలది 0.04, లిథియం లవణం 0.1, పిరిడిన్ 0.6 దగ్గర మొదలుపెట్టొచ్చు. పిరిడిన్ ఇక్కడ రెండువైపులా పదునున్న కత్తి. టైటానియా మీద చేరి వోల్టేజీ పెంచుతుంది, మరోపక్క రెండు ఆవేశాల రాగి చుట్టూ ఉన్న లైగాండ్లను నెట్టేసి తానే కూర్చుంటుంది. అలా మారిన కాంప్లెక్స్ కౌంటర్ ఎలక్ట్రోడ్ దగ్గర మొరాయిస్తుంది. లోహాన్ని నాలుగు చేతులతో పట్టుకునే లైగాండ్ల మీద పరిశోధన సాగుతున్నది ఇందుకే.

కరెంటుకు ద్రావణం పెట్టే హద్దును కాగితం మీదే అంచనా వేయొచ్చు. విస్తరణ (డిఫ్యూజన్) గుణకాన్నీ, గాఢతనూ, మారే ఎలక్ట్రాన్ల సంఖ్యనూ, ఫారడే స్థిరాంకాన్నీ గుణించి, దాన్ని రెట్టింపు చేసి, ఎలక్ట్రోడ్ల మధ్య దూరంతో భాగించాలి. అసిటోనైట్రైల్‌లో ట్రైఅయోడైడ్ విస్తరణ సెకనుకు లక్షో వంతు చదరపు సెంటీమీటరు అనుకుంటే, 0.03 మోలార్, 25 మైక్రాన్లకు హద్దు చదరపు సెంటీమీటరుకు సుమారు 46 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ఎన్719 ఇచ్చే 17తో పోలిస్తే బోలెడు వెసులుబాటు. ఇప్పుడు 0.05 మోలార్ కోబాల్ట్‌ను మందపాటి ద్రావకంలో పోసి, విస్తరణ ఐదో వంతుకు పడిందనుకుందాం. ఒక్క ఎలక్ట్రాన్ జంట కాబట్టి హద్దు 8 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. రంగు 15 ఇవ్వగలిగినా బయటికి వచ్చేది సగమే. టైటానియా రంధ్రాల లోపల నడక ఇంకా మందం కనుక అసలు పరిస్థితి దీనికన్నా కొంత అధ్వానం.

మందపాటి ద్రావకాన్ని కోరి ఎవరు వాడతారు? ఎండలో పెట్టాలనుకునేవారు వాడక తప్పదు. అసిటోనైట్రైల్ 82 డిగ్రీలకే మరుగుతుంది, మన్నిక పరీక్ష జరిగేది 85 డిగ్రీల వద్ద వెయ్యి గంటలు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో మేడ మీది గాజు పలక గాలికంటే మరో ఇరవై డిగ్రీలు ఎక్కువే కాగుతుంది. మెథాక్సీ ప్రొపియోనైట్రైల్ మరిగేది 160 డిగ్రీల పైన. 2003లో లొసాన్ బృందం దానిలో పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ కోపాలిమర్ కలిపి గట్టిపరిచి, నీటిని దరిచేరనివ్వని పొడుగు తోకల జెడ్907 రంగుతో 80 డిగ్రీల వద్ద వెయ్యి గంటలు నిలిపింది. సామర్థ్యం 6 శాతం పైన. అంతే వేడిలో ఎన్719 థయోసయనేట్ లైగాండ్‌ను వదిలి పిరిడిన్‌ను తగిలించుకుని రంగు మార్చుకుంటుంది.

రాగి విషయంలో ఒక వింత బయటపడింది. సీలు సరిగా పడక ద్రావకం ఆవిరైపోయిన సెల్లు చచ్చిపోతాయనుకుంటే, ఎండిన రాగి కాంప్లెక్సే కరెంటు మోస్తూ బతికే ఉన్నాయి. వాటికి జాంబీ సెల్ అనే పేరు అందుకే వచ్చింది. 2017 నాటికి అలాంటివి 11 శాతానికి చేరాయి. మరుసటి ఏడాది గ్యాస్కెట్‌నే తీసేసి, పీడాట్‌ను రంగు పూసిన టైటానియాకు నేరుగా ఆనించి 13.1 శాతం తెచ్చారు. నడవాల్సిన దూరమే మాయమైతే పై లెక్కలోని హారం ఎంత తగ్గుతుందో ఊహించుకోవచ్చు.

ఇంట్లో లెక్క తిరగబడుతుంది

ఎండ లక్ష లక్సులైతే, ఆఫీసు బల్ల మీద వెలుతురు 200 నుంచి 1000 మధ్య. 1000 లక్సుల ట్యూబ్‌లైట్ వెలుతురులో ఉన్న శక్తి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 మిల్లీవాట్లు, వచ్చే కరెంటు 0.1 మిల్లీ ఆంపియరు ప్రాంతం. ఇంత చిన్న కరెంటుకు పైన చెప్పిన 8 మిల్లీ ఆంపియర్ల హద్దు అడ్డే కాదు. కౌంటర్ ఎలక్ట్రోడ్ నిరోధం 20 ఓములైనా పోయేది 2 మిల్లీవోల్టులు. గాజు నిరోధం సంగతీ అంతే: చదరానికి 10 ఓముల ఎఫ్‌టీఓ మీద సెంటీమీటరు వెడల్పు పట్టీ 15 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఒక్కో పలకలో 75 మిల్లీవోల్టుల దాకా పోగొడుతుంది, అందుకే ఎండ ప్యానెళ్లకు వెండి గీతలు, ఆ గీతలను అయోడిన్ తినేయకుండా పైన గాజు పూత అవసరమయ్యాయి. గదిలో ఆ నష్టం అర మిల్లీవోల్టు, వెండితో పనే లేదు.

ఎండలో పట్టించుకోని లోపం మాత్రం ఇక్కడ కొండంతవుతుంది. అడ్డుపొరలో చీలికల గుండా 0.02 మిల్లీ ఆంపియర్లు కారిపోతుంటే, 15లో అది కనిపించదు, 0.1లో అయిదో వంతు. గది వెలుతురు కోసం చేసే సెల్‌లో కష్టమంతా ప్లాటినం మీద కాక అడుగుపొర మీద, రంగు గొడుగు మీద పెట్టాలి. 2017లో రాగి జంట, రెండు రంగుల మిశ్రమంతో 1000 లక్సుల వద్ద 28.9 శాతం వచ్చింది, మరుసటి ఏడాది పీడాట్ ఆనించిన సెల్‌తో 32. మొదటిది 200 లక్సుల వద్ద చదరపు సెంటీమీటరుకు 15.6 మైక్రోవాట్లు ఇచ్చింది. 20 చదరపు సెంటీమీటర్ల పలక ఉంటే 300 మైక్రోవాట్లు, కొన్ని నిమిషాలకోసారి ఉష్ణోగ్రత పంపే బ్లూటూత్ సెన్సర్‌కు అది సరిపోతుంది. వ్యాపారం కూడా ఈ దారిలోనే నడుస్తోంది. స్వీడన్‌కు చెందిన ఎక్సెజర్ డై సెల్లను హెడ్‌ఫోన్ల పట్టీల్లో పెట్టింది, జపాన్‌లో రికో ఘనస్థితి రకాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. పరిశోధన సంస్థల్లో తిరువనంతపురంలోని ఎన్ఐఐఎస్‌టీ గది వెలుతురు సెల్ల మీద, హైదరాబాద్‌లోని ఐఐసీటీ రంగుల మీద పనిచేస్తున్నాయి.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

సెల్ బాగా రాకపోతే పదార్థాన్ని మార్చే ముందు వెలుతురును పది, ఇరవై, యాభై శాతానికి తగ్గించి షార్ట్ సర్క్యూట్ కరెంటు గీయాలి. తక్కువ వెలుతురులో నేరుగా పెరిగి పైకి వెళ్లాక వంగిపోతే అడ్డు ద్రావణంలో నడకది. గీత తిన్నగా ఉండి కరెంటే తక్కువైతే రంగును, పొర మందాన్ని చూడాలి. కరెంటు బాగుండి వోల్టేజీ తక్కువైతే చీకట్లో కరెంటు కొలవాలి, 0.4 వోల్టుల దగ్గరే ఎగబాకుతుంటే అడ్డుపొర కారుతోంది. ఇంపీడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి మారే నిరోధం) గీస్తే సాధారణంగా మూడు చాపాలు వస్తాయి: ఎక్కువ ఫ్రీక్వెన్సీలోది కౌంటర్ ఎలక్ట్రోడ్, మధ్యది టైటానియా నుంచి ఎలక్ట్రాన్లు వెనక్కి పోవడం, చివరిది విస్తరణ. రాగి సెల్‌లో మొదటి చాపం రోజురోజుకూ ఉబ్బుతుంటే పిరిడిన్ పని మొదలుపెట్టిందని అనుమానించొచ్చు. అయోడైడ్ సెల్ పసుపు వెలిసి తెల్లబడుతుంటే సీలు దగ్గర అయోడిన్ పోతోంది.

నల్ల మాస్కు లేకుండా కొలిచిన సామర్థ్యాన్ని నమ్మకూడదు. 0.2 చదరపు సెంటీమీటర్ల సెల్‌లోకి పక్క గాజు నుంచి జారివచ్చే వెలుతురు లెక్కను గట్టిగానే పెంచేస్తుంది. గది వెలుతురులోనైతే లక్స్ మీటరు అంకె ఒక్కటే చాలదు. లక్సు మనిషి కంటి కొలత. ఒకే 1000 లక్సులకు ఎల్ఈడీ ఇచ్చే మైక్రోవాట్లు వేరు, ట్యూబ్‌లైట్ ఇచ్చేవి వేరు. దీపం స్పెక్ట్రమ్ కొలిచి మైక్రోవాట్లలో రాస్తేనే ఒక ల్యాబ్ సెల్‌ను మరో ల్యాబ్ సెల్‌తో పోల్చే వీలుంటుంది.